ఉప్పుకి పంచదార తోడు

ఓఆర్‌ఎస్ నీళ్లు నోట్లో పోసుకుని, “ఇదేంటి తాతయ్యా, ఉప్పగానూ ఉంది, తియ్యగానూ ఉంది” అని మొహం చిట్లించావు కదరా బుజ్జీ. ఆ రెండూ కలిసి ఉండటంలోనే దాని బలమంతా ఉంది.

మన చిన్నపేగు లోపలివైపు కణాలు ఒకే వరసలో పరుచుకుని ఉంటాయి. ఒక్కో కణం చుట్టూ కణత్వచం ఉంటుంది. కొవ్వు అణువులు రెండు పొరలుగా పేర్చుకుంటే ఏర్పడింది అది. మందం మిల్లీమీటరులో సుమారు రెండు లక్షలో వంతు! ఆక్సిజన్ దాన్ని ఇట్టే దాటిపోతుంది. ఉప్పు అలా కాదు. నీళ్లలో కరగగానే అందులోని సోడియం విద్యుదావేశంతో తిరుగుతుంది, ఆవేశం ఉన్నవాటిని కొవ్వు దరి చేరనివ్వదు. గ్లూకోజ్‌కి ఆవేశం లేదు గానీ అది నీళ్లను వదిలి కొవ్వులోకి రాదు. అందుకే త్వచంలో అక్కడక్కడా ప్రొటీన్లు దారులై నిలబడ్డాయి.

వాటిలో ఎస్‌జీఎల్‌టీ1 అని ఒకటుంది. తోడు లేనిదే తెరుచుకోని తలుపు అది. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు వచ్చి అతుక్కుంటేనే ఆకారం మార్చుకుని మూడింటినీ లోపలికి వదులుతుంది. వాటి వెనకే నీళ్లూ వెళతాయి. సోడియం, గ్లూకోజ్ ఇలా జతగా వెళతాయని 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సభలో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు.

అసలు సోడియం లోపలికి పోవాలని ఎందుకు తొందరపడుతుంది? కణం రెండోవైపున ఉన్న పంపు దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తూ ఉంటుంది కనక, లోపల ఎప్పుడూ కొరతే. ఆ పంపు నడిచేది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువుతో. 1929లో ఏటీపీని వెలికితీసినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. ఈ మాట చెప్పకుండా ముందుకు పోవడానికి నాకు మనసొప్పదు.

కలరా వస్తే ఆ క్రిమి విషం పేగు కణాల చేత క్లోరైడ్‌ను బయటికి కక్కిస్తుంది. దాని వెంట సోడియం, నీళ్లు లీటర్లకు లీటర్లు పోతాయి. అయినా ఎస్‌జీఎల్‌టీ1 మాత్రం చెడదు! 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల మధ్య కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైన్ నిండుకుంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్ఫైదాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. ఎన్ని ప్రాణాలురా అవి!

నువ్వు తాగిన ఓఆర్‌ఎస్ కూడా అలాంటి నీళ్లే, ఉప్పూ తీపీ పాళ్లు కుదరాలి. అందుకే ప్యాకెట్టు మీద ఎన్ని రాస్తే అన్ని నీళ్లే పోయాలి. రుచి కోసం ఇంకో రెండు చెంచాల పంచదార వేశావో, అది ఒంట్లోని నీళ్లనే పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా ముదురుతాయి.