వెనక చక్రాల కారు మంచులో నడవదా?

అక్టోబరు సగం గడిచేసరికి అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ ఉండే తెలుగు కుర్రాళ్ల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "మస్టాంగ్ కొన్నాను. చలికాలం నడపొచ్చా, లేక అమ్మేసి ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ తీసుకోవాలా?" అడిగేవాళ్ల మనసులో జవాబు ముందే స్థిరపడి ఉంటుంది. వెనక చక్రాలకు శక్తి అందే కారు మంచులో పనికిరాదని డీలరు చెప్పి ఉంటాడు, రూమ్మేట్ చెప్పి ఉంటాడు, అక్కడ ఎన్నో ఏళ్లుగా ఉంటున్న బాబాయిగారూ చెప్పి ఉంటారు. ఇంతమంది చెప్పినా అది సగం నిజమే. మిగతా సగం తెలియక కొందరు ఇష్టపడి కొనుక్కున్న కారును అయినకాడికి అమ్ముకుంటున్నారు. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, ఆల్ వీల్ డ్రైవ్ కొన్నవాళ్లు ఇక తమకేం కాదన్న ధీమాతో రోడ్డెక్కుతున్నారు.

చరిత్ర చూడండి. 1970ల చివరి దాకా అమెరికాలో అమ్ముడైన కార్లలో అత్యధికం వెనక చక్రాలతో నడిచేవే. మిన్నెసోటాలో, మిషిగన్‌లో జనం నిండు చలికాలంలో వాటిలోనే ఆఫీసులకు వెళ్లారు, పిల్లల్ని బడిలో దింపారు. స్వీడన్‌లో వోల్వో 240 కారు 1974 నుంచి 1993 దాకా తయారైంది. అదీ వెనక చక్రాల కారే. నెలల తరబడి మంచు కురిసే దేశం తన ఇంటింటి కారుకు ఆ అమరికనే అన్నేళ్లు ఉంచుకుంది. మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కూడా ఆ కోవవే కాబట్టి తెలుగువాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు.

మరి భయం ఎక్కడి నుంచి వచ్చింది? మస్టాంగ్ లాంటి కారులో బరువైన ఇంజన్ ముందు ఉంటుంది. మొత్తం బరువులో సగం కంటే ఎక్కువ ముందు చక్రాల మీదే పడుతుంది. తొయ్యాల్సిన వెనక చక్రాల మీద బరువు తక్కువ, వాటికి అందే శక్తి మాత్రం చాలా ఎక్కువ. పొడి రోడ్డు మీద యాక్సిలరేటర్ నొక్కగానే బరువు వెనక్కి జరిగి ఆ చక్రాలను నేలకు అదుముతుంది. మంచు మీద వేగం అంత గట్టిగా పుంజుకోదు కాబట్టి బరువు జరగడమూ స్వల్పమే. కాలు కాస్త బరువుగా పడితే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, కారు వెనక భాగం పక్కకు జారుతుంది. ప్రచారంలో ఉన్న మాటలో నిజమైన సగం ఇదే.

కానీ కారు రోడ్డు మీద చేసేవి మూడు పనులు: కదలడం, తిరగడం, ఆగడం. ఆల్ వీల్ డ్రైవ్ గట్టిగా సాయపడేది మొదటి పనికే. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, అందులో ఎస్‌యూవీకి ప్రత్యేకత ఏమీ లేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు పొడి తారు రోడ్డు మీద బ్రేకు వేస్తే 12 మీటర్ల చుట్టుపక్కల ఆగుతుంది. అణిగిన మంచు మీద ఘర్షణ పొడి రోడ్డులో మూడో వంతుకు పడిపోతుంది, ఆగడానికి దాదాపు 40 మీటర్లు కావాలి. గడ్డకట్టిన ఐసు మీద అది 100 మీటర్లకు చేరుతుంది. ఈ లెక్కలో ఇంజన్ శక్తి ఏ చక్రాలకు వెళుతోందన్న ప్రస్తావనే రాదు. ఉన్నదల్లా వేగం, ఘర్షణ. ఆ ఘర్షణను నిర్ణయించేది రోడ్డును తాకే నాలుగు అరచేతులంత రబ్బరు. అసలు విషయం అక్కడుంది.

స్పోర్ట్స్ కార్లు చాలా వరకు షోరూమ్ నుంచే సమ్మర్ టైర్లతో వస్తాయి. వీటి రబ్బరు వేడి రోడ్డు మీద అద్భుతంగా అతుక్కుంటుంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే గట్టిపడడం మొదలుపెడుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మన వంటింటి అల్మరా చాలు. డిసెంబరు పొద్దున కొబ్బరినూనె సీసా తీసి చూడండి, గడ్డకట్టి ఉంటుంది. పక్కనే ఉన్న వేరుశనగ నూనె చక్కగా జారుతుంది. వేరుశనగ నూనెను ఫ్రిజ్‌లో పెడితే చిక్కబడి మసకబారుతుంది, పొద్దుతిరుగుడు నూనె అక్కడ కూడా పలచగానే ఉంటుంది. మూడూ నూనెలే, కానీ ఏది ఏ చలికి బిగుసుకుంటుందన్నది దాని దాని స్వభావం. సమ్మర్ టైరు కొబ్బరినూనె, ఏడాది పొడవునా వాడే ఆల్ సీజన్ టైరు వేరుశనగ నూనె, వింటర్ టైరు పొద్దుతిరుగుడు నూనె. గడ్డకట్టిన కొబ్బరినూనె తలకు పట్టనట్టే బిగుసుకున్న రబ్బరు రోడ్డుకు పట్టదు. తారు రోడ్డులో కంటికి కనబడని ఎత్తుపల్లాల్లోకి దిగి పట్టుకోవాల్సిన రబ్బరు వాటి మీదుగా జారిపోతుంది. కొబ్బరినూనెను ఎండలో పెడితే మళ్లీ కరిగినట్టే సమ్మర్ టైరు కూడా వసంతం రాగానే మామూలవుతుంది. అయితే మైనస్ 7 డిగ్రీల కంటే దిగువన అలాంటి టైర్లతో కారును కదిలించినా ట్రెడ్ పగుళ్లివ్వచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు.

ఈ పోలిక ఉత్త పోలిక కూడా కాదు. చలిలో రబ్బరు మెత్తగా ఉండడానికి టైర్ల కంపెనీలు నిజంగానే వంటనూనెలు కలుపుతాయి. మిషెలిన్ పొద్దుతిరుగుడు నూనె వాడింది, గుడ్‌ఇయర్ సోయా నూనె వాడింది, ఫిన్లాండ్‌కు చెందిన నోకియన్ ఆవజాతి గింజల నూనె వాడుతుంది. ఇదే ఫిన్లాండ్ సంస్థ 1934లో లారీల కోసం ప్రపంచంలో తొలి వింటర్ టైరు తయారుచేసింది, 1936లో కార్ల కోసం హక్కపెలీటా టైరు తెచ్చింది. ఆ పేరుతో నేటికీ టైర్లు వస్తున్నాయి.

రబ్బరు మెత్తదనం ఒక్కటే చాలదు. వింటర్ టైరు ట్రెడ్ దిమ్మల మీద కత్తితో గీసినట్టు సన్నటి చీలికలు వందల సంఖ్యలో ఉంటాయి. టైరు నేలను తాకినప్పుడు అవి విచ్చుకుని మంచును కరుచుకుంటాయి. మంచుకు మంచే బాగా అతుక్కుంటుంది కాబట్టి ట్రెడ్‌లో ఇరుక్కున్న మంచు కూడా పట్టు పెంచుతుంది. ఐసు సంగతి వేరు. దాని పైపొర మీద అతి పలచటి నీటి పొర ఉంటుంది, జారుడంతా దానిదే. సున్నా డిగ్రీల దగ్గర ఆ పొర ఎక్కువ కాబట్టి మైనస్ 20లో కంటే సున్నా దగ్గరే ఐసు ఎక్కువ జారుతుంది. కొత్తవాళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండదు, "ఇవాళ చలి తగ్గిందిగా" అని వేగం పెంచేది సరిగ్గా ఆ రోజే. 1988లో జపాన్‌లో బ్రిడ్జ్‌స్టోన్ తెచ్చిన బ్లిజాక్ టైరులో రబ్బరు నిండా సూక్ష్మమైన రంధ్రాలు ఉంటాయి. అవి ఆ నీటి పొరను పీల్చుకుని రబ్బరును ఐసుకు తాకనిస్తాయి. ఇనుప ముళ్ల టైర్లు రోడ్లను కొరికి ధూళి లేపుతున్నాయని జపాన్ 1990లో చట్టం చేయడంతో ఇలాంటి ముళ్లులేని టైర్లకు దశ తిరిగింది.

కొనేటప్పుడు టైరు పక్కగోడ చూడండి. "ఎం ప్లస్ ఎస్" అన్న ముద్ర ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసేది, దానికి మంచు పరీక్ష అక్కర్లేదు. మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న గుర్తు మాత్రం మంచు మీద పరీక్ష నెగ్గితేనే వస్తుంది. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి చలికాలపు రోడ్డుకు ఈ కొండ గుర్తు ఉన్న టైర్లే చెల్లుతాయి. కెనడాలోని క్వెబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. అంటారియోలో చట్టం బలవంతపెట్టదు గానీ, వేసుకున్నవారికి బీమా కంపెనీలు 2016 నుంచి రాయితీ ఇవ్వాల్సి ఉంది.

సైజు విషయంలో స్పోర్ట్స్ కారు యజమానులు నమ్మలేని మాట ఒకటి: మంచులో వెడల్పు తక్కువ టైరే మేలు. వెడల్పాటి టైరు మంచు మీద తేలుతుంది, సన్నటిది కోసుకుంటూ దిగి గట్టి నేలను అందుకుంటుంది. అందుకే రిమ్ ఒక అంగుళం తగ్గించి, టైరు ఎత్తు పెంచి, వెడల్పు తగ్గించి కొంటారు. దీనివల్ల మంచు కింద దాగిన గుంతల్లో రిమ్ వంగే భయమూ తగ్గుతుంది. కాకపోతే పెద్ద బ్రేకులున్న మోడల్‌కు చిన్న రిమ్ పట్టకపోవచ్చు, ముందే సరిచూసుకోవాలి. నాలుగు టైర్లూ ఒకేసారి మార్చాలి. "తొయ్యేవి వెనకవే కదా" అని రెండే మారిస్తే కారు కదులుతుంది గానీ, మలుపులో ముందు చక్రాలు మాట వినవు, బ్రేకు వేస్తే తిన్నగా జారిపోతుంది.

టైరు విలువ మీద ఇంకా అనుమానం ఉంటే మాంటెకార్లో ర్యాలీ చరిత్ర చదవండి. ఆల్ప్స్ కొండల్లో, జనవరిలో, ఒకే రోజు పొడి రోడ్డూ ఐసూ మంచూ ఎదురయ్యే పోటీ అది. 1968లో విక్ ఎల్ఫర్డ్, 1969, 1970లలో బ్యోర్న్ వాల్డెగార్డ్ పోర్షె 911తో గెలిచారు. అది వెనక చక్రాల కారే, ఇంజన్ కూడా వెనకే ఉండడంతో తొయ్యే చక్రాల మీద కావలసినంత బరువు. ఇక 1983 సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఆడి క్వాట్రో వచ్చాక వెనక చక్రాల కార్ల కాలం చెల్లిందని అంతా అనుకుంటున్న రోజుల్లో లాన్సియా 037 కార్లు మాంటెకార్లోలో మొదటి రెండు స్థానాలూ పట్టుకుపోయాయి. వాల్టర్ రోర్ల్ మొదట, మార్కు అలెన్ తర్వాత. ఆ ఏడాది మంచు తక్కువన్న మాట నిజమే. కానీ ప్రతి స్టేజికీ ఏ టైరు వెయ్యాలో లెక్కగట్టడమే అక్కడ సగం యుద్ధం. ఆ సంవత్సరం తయారీదారుల ప్రపంచ టైటిల్ కూడా లాన్సియాదే. ఆ తర్వాత మరే వెనక చక్రాల కారుకూ అది దక్కలేదు.

టైర్ల తర్వాతి పనులు తేలిక. బ్యాటరీ మూడు నాలుగేళ్లు దాటితే పరీక్ష చేయించండి, మైనస్ 18 డిగ్రీల దగ్గర దాని సామర్థ్యం సగానికి దగ్గరగా పడిపోతుంది. రేడియేటర్‌లో కూలెంట్, నీళ్లు సగం సగం ఉండాలి. ఆ మిశ్రమం మైనస్ 37 దాకా గడ్డకట్టదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకుని నీళ్లు మానేయకండి, కూలెంట్‌లో అసలు పదార్థమైన ఇథిలీన్ గ్లైకాల్ శుద్ధంగా ఉంటే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. అద్దం కడిగే ద్రవం చలికాలానిది పోయించండి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గిన కొద్దీ టైరులో గాలి ఒక పిఎస్‌ఐ తగ్గుతుంది, నెలకు రెండుసార్లు చూసుకోవాలి. రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగు భాగాన్ని తినేస్తుంది కాబట్టి ఆ భాగాన్ని నీళ్లతో కడిగించడం మరవద్దు. డిక్కీలో ఇసుక బస్తా వెయ్యడం పాత పద్ధతి. కదిలేటప్పుడు కొంచెం ఉపయోగమే, కానీ ఆ బరువునూ ఆపాల్సింది మీ బ్రేకులే. మంచి టైర్లుంటే దాని అవసరం పెద్దగా ఉండదు.

నడపడంలో వెనక చక్రాల కారుకు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. గేరు హఠాత్తుగా తగ్గిస్తే ఇంజన్ వెనక చక్రాలను మాత్రమే పట్టి ఆపుతుంది, కారు వెనక భాగం జారిపోతుంది. మాన్యువల్ గేరు కారైతే జారిన వెంటనే క్లచ్ నొక్కండి. పోవాల్సిన దిక్కు చూడండి, చేతులు అటే తిప్పుతాయి. బయల్దేరేటప్పుడు రెండో గేరు వాడితే చక్రాలు ఉన్నచోటే తిరగడం తగ్గుతుంది. 2015 నుంచి వచ్చిన మస్టాంగ్‌లలో మంచు కోసం ప్రత్యేకమైన మోడ్ కూడా ఉంది, వాడండి. తొలి మంచు పడ్డ రోజున, అనుమతి ఉన్న ఖాళీ పార్కింగ్ స్థలంలో నెమ్మదిగా జారించి, సరిచేసి చూసుకోండి. చేతులకు ఆ అనుభవం ఉంటే నిజమైన రోడ్డు మీద కంగారు పుట్టదు.

చెప్పక తప్పని మాట ఇంకొకటి. మొదటి మంచులో కారు జారి కంచెకు గుద్దుకుంటే ఇండియాలో అమ్మానాన్నలు దిష్టి తగిలిందంటారు, జాతకం చూపిస్తారు, శనికి తైలాభిషేకం చేయిస్తారు. కొత్త కారుకు పూజ చేసుకోవడం, నిమ్మకాయలు తొక్కించడం ఎవరి నమ్మకం వారిది. కానీ ఆ కారు జారింది ఎవరి కంటిచూపు వల్లా కాదు, బిగుసుకుపోయిన రబ్బరు వల్ల. కారణం పొరపాటున గ్రహాలకు అంటగడితే వచ్చే వారం అదే రోడ్డు మీద అదే కారు మళ్లీ జారుతుంది, ఈసారి ఎదురుగా మనిషి ఉండొచ్చు. అమ్మానాన్నలు ఫోనులో అడగాల్సింది "టైర్లు మార్చావా నాన్నా?" అనే.

నేనిక్కడ సాహసం నేర్పడం లేదు. స్పోర్ట్స్ కారు అడుగు భాగానికీ నేలకూ మధ్య ఎడం కొద్ది అంగుళాలే. మంచు అంతకంటే మందంగా పేరుకుంటే ఏ టైరూ కాపాడలేదు, కారు మంచు మీద కూర్చుండిపోతుంది. ఆ రోజు కారు ఇంట్లోనే ఉండాలి. మిగతా చలికాలమంతా, మంచు తోసే బండ్లు రోడ్డు తుడిచాక, సరైన టైర్లున్న వెనక చక్రాల కారు ఆల్ సీజన్ టైర్ల ఎస్‌యూవీ కంటే తక్కువ దూరంలో ఆగగలదు. ఖర్చు గురించి బెంగ వద్దు. వింటర్ టైర్లు అరుగుతున్నన్నాళ్లూ సమ్మర్ టైర్లు గ్యారేజీలో భద్రంగా ఉంటాయి, రెండు సెట్లూ రెట్టింపు కాలం వస్తాయి. రాత్రి ఉష్ణోగ్రతలు 7 డిగ్రీలకు దిగగానే టైర్లు మార్పించుకోండి. మంచు కురిసే దాకా ఆగితే ఊరంతా టైర్ల దుకాణం ముందే ఉంటుంది, ఆ పూట మీరు అక్కడికి వెళ్లాల్సింది కూడా సమ్మర్ టైర్ల మీదే.