సర్పి చుట్టు పూర్తికాదు

ఒకే జబ్బుకు మన వాళ్ల నోట ఎన్ని పేర్లున్నాయో చూడండి. తెలుగులో సర్పి అంటాము. తమిళనాట స్థిరపడిన మన కుటుంబాలలో అక్కి అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. బెంగుళూరు, బళ్లారి వైపు సర్పసుత్తు. షోలాపూరులో ఇరుగు పొరుగు మరాఠీవారు నాగీణ్ అంటారు. డాక్టరు చీటీలో వ్రాసేది హెర్పిస్ జోస్టర్, వాడుకలో షింగిల్స్. మన నాలుగు పేర్లలో మూడింట పామే ఉన్నది. నడుము మీదనో రొమ్ము మీదనో నీటిపొక్కులు ఒక పక్కగా పట్టీవలె పాకుతాయి గనుక ఆ పోలిక సహజమే. కాని పోలికతోబాటు ఒక భయం కూడ పుట్టింది. పాము తల, తోక కలిస్తే మనిషి దక్కడట!

ఈ భయానికి ఆధారం లేదు. ఎందుకు లేదో తెలుసుకుంటే జబ్బు స్వరూపం సగం తెలిసినట్లే.

చిన్నతనంలో ఆటలమ్మ పోసినవారికి పొక్కులు మానిపోతాయి గాని, దానికి కారణమైన వైరస్ ఒంట్లోనుంచి పోదు. వెన్నెముక పక్కన నరాల మొదళ్లలో ఉండే చిన్న ముడులలో చేరి, ఏళ్ల తరబడి నిద్రపోతుంది. వయసు మళ్లినప్పుడో, కాన్సరు మందులవల్లనో, ఎక్కువ కాలం వాడిన స్టెరాయిడ్లవల్లనో శరీరంలోని రక్షణశక్తి సన్నగిల్లితే మేలుకుని, నరం వెంబడి చర్మంలోకి వస్తుంది. వెన్నెముకనుంచి నరాలు జతలుగా బయలుదేరుతాయి. కుడి నరం కుడి సగానికి, ఎడమ నరం ఎడమ సగానికి. మామూలుగా మేలుకునేది ఒక పక్క నరమే గనుక, పొక్కులు ఒంటి నడిమి గీత దగ్గరకు వచ్చి ఆగిపోతాయి. ఇక తలా తోకా కలిసేదెక్కడ? రక్షణశక్తి బాగా క్షీణించినవారికి మాత్రం ఒళ్లంతా పొక్కులు రావచ్చును. వారిని ఆలస్యం లేకుండా ఆసుపత్రిలో చేర్చవలసిందే.

సర్పి అంటే పాత ఆటలమ్మే మేలుకోవడమని గట్టిగా వాదించినవాడు పెద్ద పరిశోధనశాలలోని శాస్త్రజ్ఞుడు కాడు. ఇంగ్లండులో సైరెన్సెస్టర్ అనే చిన్న పట్టణంలో కుటుంబ వైద్యుడు, ఎడ్గార్ హోప్-సింప్సన్. తన దగ్గరకు వచ్చిన సర్పి రోగులందరి వివరాలు 16 ఏళ్లపాటు వ్రాసిపెట్టి, 1965లో ప్రకటించాడు. వెయ్యిమందిలో ఏడాదికి సుమారు 3.4 మందికి ఇది వచ్చిందనీ, వయసుతోబాటు పెరిగిందనీ లెక్క తేల్చాడు. రిజిస్టరు శ్రద్ధగా వ్రాస్తే లోకానికి ఎంత మేలు జరుగుతుందో చూస్తే, మావంటి గుమాస్తాలకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

చిక్కేమిటంటే, పొక్కులకంటె ముందు నొప్పి వస్తుంది. ఒకటి రెండు రోజులు, కొందరికి ఇంకా ఎక్కువ, ఒక పక్క మంట, పోటు, చీమలు పాకినట్లు జలదరింపు. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఎడమ రొమ్ములో నొప్పి అని గుండె పరీక్ష చేయించుకున్నారు. గుండె బాగానే ఉందన్నారు. మూడోనాటికి పొక్కులు లేచాయి. వెంటనే ఇంట్లోవారు కుమ్మరి ఇంటికి తీసుకుపోయి అక్కి వ్రాయించారు. ఎర్రకావి నీళ్లతో కలిపి పూత పూసి గీతలు గీయడం ఈ ప్రాంతపు ఆచారం. నాలుగు రోజులు అలా గడిచాక డాక్టరు దగ్గరకు వెళ్లారు. పొక్కులు మానినా, ఆరు నెలల దాకా చొక్కా తగిలితే చాలు, ఆయన ఉలిక్కిపడేవారు.

కావి పూతను నేను ఎగతాళి చేయను. చల్లగా హాయిగా ఉంటుంది కాబోలు. సర్పి పొక్కులు ఏమీ చేయకపోయినా రెండు నుంచి నాలుగు వారాలలో మానుతాయి గనుక, పేరు కుమ్మరికి దక్కుతుంది. నష్టమల్లా పోయిన రోజులది. అసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ వంటి మందులు పొక్కులు కనిపించిన 72 గంటలలోపల మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. అసైక్లోవిర్ పెద్దలకు మామూలుగా 800 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 5 సార్లు, 7 రోజులు ఇస్తారు. మూత్రపిండాలు బలహీనమైనవారికి మోతాదు తగ్గించవలసి ఉంటుంది కనుక మందుల షాపువానిని అడిగి కొనడం తగదు. పొక్కులు మానాక మిగిలే నరాల నొప్పి అరవై దాటినవారినే ఎక్కువగా పీడిస్తుంది. అది నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్లు ఉంటుంది. దానికి వేరే మందులున్నాయి గనుక ఇంట్లో ముసలివారు మంట మంట అంటుంటే చాదస్తమని కొట్టివేయవద్దు.

నుదుటి మీద, కనురెప్ప మీద, ముఖ్యంగా ముక్కు కొస మీద పొక్కు కనిపిస్తే ఆనాడే కంటి డాక్టరుకు చూపించాలి. ముక్కు కొసకు పోయే నరమూ, కంటిలోకి పోయే నరమూ ఒకే శాఖవి. అశ్రద్ధ చేస్తే చూపు పోవచ్చును.

సర్పి ఒకరినుంచి ఒకరికి సర్పిగా అంటదు. అయితే పొక్కులలోని నీరు తగిలితే, ఇదివరలో ఆటలమ్మ రానివారికి ఆటలమ్మ రావచ్చును. మన వేడి దేశంలో చిన్నప్పుడు అది రాకుండానే పెద్దయినవారు కొందరుంటారు. కనుక చెక్కు కట్టేదాకా పొక్కులను శుభ్రమైన గుడ్డతో కప్పి ఉంచి, గర్భిణులకు, పసిపిల్లలకు ఎడంగా ఉంటే చాలు. వెలి వేసినట్లు మూలగదిలో పెట్టనక్కరలేదు. పొక్కులు చిదమడం, బూడిద, సున్నం రాయడం మాత్రం కూడదు. చీము పడుతుంది.

రాకుండా చేసే టీకా కూడ ఉన్నది. షింగ్రిక్స్ అనే ఈ టీకా 2017లో అమెరికాలో అనుమతి పొంది, 2023లో మన దేశానికి వచ్చింది. 50 ఏళ్లు దాటినవారికి రెండు నుంచి ఆరు నెలల ఎడంలో రెండు మోతాదులు వేస్తారు. పరీక్షలలో 70 దాటినవారిలో సైతం నూటికి 90 వంతుల దాకా సర్పిని ఆపింది. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, జ్వరం రావడం కద్దు. ఖరీదు ఎక్కువే, ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాలలో ఇది లేదు. నెలజీతంమీద బ్రతికే ఇండ్లలో అందరికీ ఒకేసారి కుదరకపోతే, ముందు వయసు మళ్లినవారికీ, డాక్టరు అవసరమన్నవారికీ వేయించవచ్చును. సర్పి ఒకసారి వచ్చిపోయినవారు కూడ, పొక్కులు పూర్తిగా మానిన తరువాత, డాక్టరును అడిగి వేయించుకోవచ్చును. అది రెండోసారి రాదనే నియమం లేదు.