తొమ్మిది, తొంభై రెండు

నల్గొండ, పాలమూరు రాళ్లలో ఉన్న రెండు మూలకాల్లో ఒకటి నీళ్లలో కలిసి తరాల నడుములు వంచింది. మరొకటి గనుల రూపంలో ఊళ్ల మీదికి రాబోయి ఆగింది. వాటి తీరు ఎందుకు వేరో తెలియాలంటే పరమాణువు లోపలికి వెళ్లాలి.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు. ఈ పేర్లు చెబితే తెలంగాణలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్ నీళ్లే. గారపట్టిన పళ్లు, వంకర తిరిగిన కాళ్లు, పక్కకు తిరగని మెడ. నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్. సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అదే జిల్లా దక్షిణపు అంచున లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో 1990లలో యురేనియం నిల్వలు తేలాయి. ఆ ఖనిజం కోసమే తర్వాత పాలమూరు వైపు నల్లమలలోని అమ్రాబాద్ అడవి మీదా చూపు పడింది. ఫ్లోరిన్ పరమాణు సంఖ్య 9, యురేనియంది 92.

బరువు లోపల, బేరం బయట

పరమాణువు నడుమ కేంద్రకం. అందులో ధనావేశమున్న ప్రోటాన్లు, ఏ ఆవేశమూ లేని న్యూట్రాన్లు. చుట్టూ రుణావేశపు ఎలక్ట్రాన్లు. జె.జె. థామ్సన్ 1897లో ఎలక్ట్రాన్‌ను, రూథర్‌ఫర్డ్ 1911లో కేంద్రకాన్ని, చాడ్విక్ 1932లో న్యూట్రాన్‌ను పట్టుకున్నారు. మూలకం ఏదో చెప్పేది ప్రోటాన్ల లెక్కే: ఎనిమిదుంటే ఆక్సిజన్, తొమ్మిదైతే ఫ్లోరిన్, పదైతే నియాన్. ఒక్క ప్రోటాన్ 1,836 ఎలక్ట్రాన్లంత బరువు. అందుకే బరువంతా కేంద్రకానిది, జాగా అంతా ఎలక్ట్రాన్లది. ఫ్లోరిన్ కేంద్రకాన్ని జొన్నగింజంత చేసి చెలక నడుమ పెడితే, ఎలక్ట్రాన్ల పొలిమేర దాదాపు నలభై మీటర్ల అవతల ఉంటుంది. ఇంకో మూలకంతో కలవడం, విడిపోవడం అన్నీ ఆ పొలిమేరలోనే జరుగుతాయి.

ఒక్క ఎలక్ట్రాన్ కొరత

ఫ్లోరిన్ తొమ్మిది ఎలక్ట్రాన్లలో రెండు లోపలి కర్పరంలో, ఏడు బయటి కర్పరంలో ఉంటాయి. బయట ఎనిమిది నిండితేనే దానికి కుదురు. ఆ ఒక్కటీ దక్కగానే ఫ్లోరైడ్ అయాన్ అవుతుంది. గ్రానైట్‌లోని అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాల్లో ఉండేది ఈ రూపమే. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే దానితో కలిసి అడుగున పేరుకునేది. ఇక్కడి బోర్లలో చాలాచోట్ల కాల్షియం తక్కువ, క్షారగుణం ఎక్కువ. దాంతో ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది.

మన ఎముకల ఖనిజంలో హైడ్రాక్సైడ్ అయాన్లుంటాయి. ఫ్లోరైడ్ కూడా ఇంచుమించు అంతే సైజు, ఆవేశమూ అంతే. అందుకే సులువుగా వాటి చోట్లో చేరిపోతుంది. కొద్ది మోతాదైతే పళ్లకు గట్టిదనం ఇస్తుంది, టూత్‌పేస్టుల్లో కలిపేది ఇందుకే. ఏళ్ల తరబడి మోతాదు మించితే ఎముకలు మందమై పెళుసుబారతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి.

కాచినా ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నాగ్‌పూర్‌లోని ‘నీరి’ సంస్థ రూపొందించిన ‘నల్గొండ టెక్నిక్’లో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలుపుతారు. పటికలోని అల్యూమినియం తెట్టెలు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. ఫ్లోరిన్ పరమాణువులు ఎక్కడికీ పోవు, నీళ్లలోంచి మడ్డిలోకి మారతాయంతే. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ వేరే దారి పట్టింది. నది నీళ్లు నల్లాల్లో ఇచ్చి తాగునీటికి బోరునే మాన్పించాలని చూసింది.

కుదురులేని కేంద్రకం

యురేనియం సంగతి వేరు, దాని గొడవ కేంద్రకంలోనే ఉంది. 92 ప్రోటాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే, 146 న్యూట్రాన్లున్నా వాటిని ఎల్లకాలం కట్టి ఉంచలేవు. ఎప్పుడో ఒకప్పుడు రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసి ఆల్ఫా కణంగా బయటికి దూకుతాయి. మిగిలింది 90 ప్రోటాన్ల థోరియం. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా రేడియం, రేడాన్ వాయువు, ఆఖరికి సీసం. 146 న్యూట్రాన్లున్న ఈ రకం యురేనియంలో సగం మారడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. దాన్ని ఏ పటికా, ఏ మంటా తొందరపెట్టలేదు, ఆపలేదు.

గనిలోంచి యురేనియం తీసుకెళ్లినా రేడియం వంటివి వ్యర్థాల గుట్టల్లోనే మిగిలిపోతాయి. లంబాపూర్, పెద్దగట్టు గనులపై 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనం ఎదురు తిరగడానికి ఇదో కారణం. పక్కనే నాగార్జునసాగర్, కృష్ణా నీళ్లను హైదరాబాద్‌కు పంపే అక్కంపల్లి జలాశయం ఉన్నాయి. చెంచులు ఉండే నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

యురేనియం అనగానే రేడియేషనే గుర్తొస్తుంది. కానీ నీళ్లలో కరిగి ఒంట్లోకి చేరినప్పుడు అది ముందు దెబ్బతీసేది మూత్రపిండాలను. ఆ పని చేసేది ఎక్కువగా దాని రసాయన గుణం, అంటే ఎలక్ట్రాన్లు. గుట్టలో కేంద్రకం ఎంత ముఖ్యమో, గ్లాసులో ఎలక్ట్రాన్లు అంత ముఖ్యం.

గ్రానైట్ నేలలో యురేనియం బోరు నీళ్లలోకి దిగడానికి గనే తవ్వనక్కర్లేదు. కాబట్టి ఇప్పటికీ బోరు నీళ్లు తాగే ఇల్లు ల్యాబు రిపోర్టులో రెండు అంకెలు అడగాలి. లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, యురేనియం 0.03 మిల్లీగ్రాములు మించకూడదు. రంగు, రుచి, వాసన చూసి ఈ రెంటిలో దేన్నీ పట్టుకోలేం.