ఇంటిలో వైఫై రౌటరు అమర్చుకొను విధము

చీర ఫోటోను కొనుగోలుదారునకు పంపుట, నూలు షావుకారుకు సొమ్ము చెల్లించుట, బ్యాంకు లెక్క చూచుకొనుట, పిల్లల చదువు, ఇవన్నియు నేడు చాలవరకు ఇంటర్నెట్టు మీదనే జరుగుచున్నవి. 2016లో యు.పి.ఐ. వచ్చిన తరువాత చిల్లర సొమ్ము సైతము ఫోనులోనే చేతులు మారుచున్నది. అంచెట్టి చుట్టును కొండలు, అడవి ఉన్నందున సెల్ టవరు సంకేతము ఇంటింటికి ఒకే తీరుగా అందదు. కావున తీగ కనెక్షను తీసికొని, ఇంటిలో వైఫై రౌటరు పెట్టుకొనదలచిన కుటుంబముల కొరకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. పెట్టెను బిగించి పోవుట కంపెనీ మనిషి పని. దానిని భద్రముగా ఉంచుకొనుట మన పని.

రౌటరు చేయు పని

ఫైబరు తీగలో వచ్చునది వెలుతురు. దానిని విద్యుత్ సంకేతముగా మార్చు పెట్టెను ఓ.ఎన్.టి. అందురు. ఆ సంకేతమును ఇంటిలోని ఫోనులకు, కంప్యూటరుకు రేడియో తరంగములమీద పంచునది రౌటరు. పలు ఇండ్లలో ఈ రెండును ఒకే పెట్టెలో ఉండును. నేటి రౌటర్లు సాధారణముగా రెండు రకముల తరంగములను వాడును. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము గోడలు దాటి దూరము పోవును గాని వేగము తక్కువ. 5 గిగాహెర్ట్జ్ తరంగమునకు వేగము ఎక్కువ గాని గోడ అడ్డమైన త్వరగా క్షీణించును. కనుక దూరముననున్న మగ్గపు గదికి మొదటిది, రౌటరు ఉన్న గదికి రెండవది అనువు.

ఎక్కడ పెట్టవలెను

ఇంటి నడుమ, మనిషి ఎత్తున పెట్టుట మేలు. ఇనుప బీరువా వెనుకను, నీళ్ల తొట్టి ప్రక్కను పెట్టరాదు. లోహమును, నీరును తరంగములను అడ్డగించును. గుంట మగ్గము ప్రక్కన నేలమీద పెట్టుట అసలే కూడదు. అక్కడ చెమ్మ ఉండును. పైగా నూలు పీచు గాలిరంధ్రములను మూసివేసిన, లోపలి వేడి బయటికి పోక యంత్రము చెడును. వారమునకొకసారి పొడిగుడ్డతో తుడువవలెను. ఉరుములు మెరుపులు ఉన్నపుడు కరెంటు ప్లగ్గు తీసివేయుట మరువరాదు.

అమర్చు క్రమము

1. రౌటరు అడుగున అంటించిన చీటీలో వైఫై పేరు, పాస్‌వర్డు, సెట్టింగుల చిరునామా ఉండును. ఫోనును ఆ వైఫైకి కలిపి, బ్రౌజరులో ఆ చిరునామాను కొట్టవలెను. తరచుగా అది 192.168.1.1 లేక 192.168.0.1 అయి ఉండును.

2. లోపలికి పోవుటకు అడుగు పాస్‌వర్డును ముందుగా మార్చవలెను. ఇది వైఫై పాస్‌వర్డు కాదు, రౌటరు తాళపుచెవి. దీనిని మార్చని ఇంటిలో, వైఫైకి కలిసిన పరాయివాడు సెట్టింగులు తిప్పి, బ్యాంకు పుటకు బదులు దొంగపుట మన ముందర పెట్టు ప్రమాదము కలదు.

3. తరువాత వైఫై పేరు మార్చవలెను. అందులో మన పేరుగాని, ఇంటి నెంబరుగాని ఉండరాదు.

4. సెక్యూరిటీ అనుచోట డబ్ల్యు.పి.ఎ. 3 ఉన్న దానిని, లేనిచో డబ్ల్యు.పి.ఎ. 2ను ఎన్నుకొనవలెను. డబ్ల్యు.ఇ.పి. అనునది పాతది, సులువుగా విరుగును. "ఓపెన్" అనగా తలుపు తెరచి నిద్రించుట.

5. వైఫై పాస్‌వర్డు 12 అక్షరములకు తగ్గరాదు. ఫోను నెంబరు, పుట్టిన తేది, బిడ్డల పేర్లు పనికిరావు. ఒకదానికొకటి సంబంధము లేని మూడు నాలుగు మాటలు కూర్చిన గుర్తుండును, ఇతరులు ఊహింపలేరు.

6. డబ్ల్యు.పి.ఎస్. అను మీటను ఆపివేయవలెను. వచ్చి పోవువారికి "గెస్ట్" నెట్‌వర్కు వేరుగా ఇయ్యవలెను. పరాయివాడు మన కనెక్షను మీద మోసము చేసిన, విచారణ మొదట కనెక్షను ఎవరి పేర ఉన్నదో వారి వద్దకే వచ్చును.

7. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అనుచోట క్రొత్తది ఉన్న వేసికొనవలెను. అది ముగియు వరకు కరెంటు తీయరాదు.

ఆగిపోయినపుడు

ఎల్.ఓ.ఎస్. దీపము ఎర్రగా వెలిగిన, వెలుతురు ఇంటివరకు రాలేదని అర్థము. అది తీగ లోపము; కంపెనీకి తెలుపవలెను. దీపములన్నియు సరిగానుండి ఇంటర్నెట్టు రానిచో, ప్లగ్గు తీసి ఒక నిమిషము ఆగి మరల పెట్టి చూడుడు. సూదితో నొక్కు రీసెట్ మీటను మాత్రము ముట్టరాదు. అది మన సెట్టింగులనేగాక కంపెనీ ఇచ్చిన యూజరు పేరును కూడ చెరిపివేయవచ్చును. అపుడు వారి మనిషి వచ్చువరకు పని నిలిచిపోవును. కరెంటు కోత ఉన్నచోట చిన్న యు.పి.ఎస్. కొనవచ్చును గాని, దాని వోల్టు రౌటరు అడాప్టరుపై వ్రాసిన వోల్టుతో సరిపోవలెను.

ఒక హెచ్చరిక

కంపెనీ నుండి మాటలాడుచున్నామని ఎవరు ఫోను చేసినను ఓ.టి.పి. చెప్పవలదు. సొమ్ము పోయిన, ఆలసింపక 1930 నెంబరుకు ఫోను చేయుడు. ఎంత త్వరగా తెలిపిన, సొమ్ము నిలుపు అవకాశము అంత ఎక్కువ. క్రొత్త పాస్‌వర్డులు రెంటిని కాగితముపై వ్రాసి బ్యాంకు పుస్తకముతో పాటు పెట్టెలో దాచుడు. ఇంటిలో కనీసము ఇద్దరు ఈ పని నేర్చుకొని ఉండవలెనని సభ్యులందరిని కోరుచున్నాము.