ఫోను ముసలిదైందా, బ్యాటరీ ముసలిదైందా?

మొన్న వేసవిలో సత్తెనపల్లిలో మా అక్కావాళ్ల ఇంటికి వెళ్లేసరికి మా మేనల్లుడు గ్రూప్-2 పుస్తకాల మధ్య కూర్చుని ఫోను మీద మండిపడుతున్నాడు. అయిదేళ్ల కిందటి ఫోను. ముప్పై శాతం ఛార్జింగ్ ఉందని చూపిస్తూనే టక్కున ఆరిపోతుంది. స్టోరేజ్ నిండిందని పొద్దస్తమానం గొణుగుతుంది. వెనక గదిలోకి వెళ్తే నెట్ ఉండదు. "ఈఎంఐలో కొత్తది తీసేసుకుంటా మావయ్యా, నెలకి వెయ్యేనంట" అన్నాడు.

ఫోను తీసుకుని బల్ల మీద వెల్లకిలా పెట్టి, ఓ మూల వేలితో మీటాను. బొంగరంలా తిరిగింది. వెనక మూత మధ్యలో పూరీలా పొంగి ఉంది మరి.

ఫోను పాడైందని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ అందులో మూడు జబ్బులు కలిసి ఉంటాయి. బ్యాటరీది ఒకటి, చోటు చాలకపోవడం ఇంకొకటి, నెట్ అందకపోవడం మూడోది. దేని మందు దానికే. నొప్పి ఎక్కడో చూడకుండా కొత్త ఫోను కొనడమంటే, టైరు పంక్చరైందని బండి మార్చడమే.

ముందు బ్యాటరీ సంగతి. 1991లో సోనీ మొదటిసారి అమ్మకానికి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ పద్ధతే ఇప్పటికీ మన జేబుల్లో ఉంది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక వైపు నుంచి గ్రాఫైట్ పొరల్లోకి వెళ్తాయి. వాడుతుంటే తిరిగొస్తాయి. వెళ్లిన ప్రతిసారీ కొద్దిపాటి లిథియం గ్రాఫైట్ మీద పొరగా పేరుకుని అక్కడే ఉండిపోతుంది. పల్నాడు బోరు నీళ్లకి పైపులో గార పట్టినట్టు. దాంతో రెండు నష్టాలు. తిరిగే లిథియం తగ్గుతుంది కాబట్టి ట్యాంకు చిన్నదవుతుంది. దారి ఇరుకవుతుంది కాబట్టి ధార సన్నబడుతుంది. ముప్పై శాతం దగ్గర ఫోను ఆరిపోవడానికి ఎక్కువగా ఈ రెండోదే కారణం. ట్యాంకులో నీళ్లున్నాయి, కుళాయిలోంచి రావడం లేదు. కెమెరా తెరిచినప్పుడో, ఫోన్ వచ్చినప్పుడో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాల్సి వస్తుంది. వోల్టేజ్ పడిపోతుంది. ఫోను కళ్లు మూసుకుంటుంది.

ఇది ఎన్నాళ్లకి వస్తుందంటే వాడకాన్ని బట్టి. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి ఒక నిబంధన అమల్లోకి తెచ్చింది. అక్కడ కొత్తగా మార్కెట్లోకి వచ్చే ఫోన్ల బ్యాటరీ 800 సార్లు నిండా ఛార్జ్ అయి ఖాళీ అయ్యాక కూడా 80 శాతం సత్తువతో ఉండాలి. సగం సగం చొప్పున రెండుసార్లు పెడితే ఒక్కసారి కిందే లెక్క. మనవాడు రోజుకి రెండుసార్లు నిండా పెడుతున్నాడు, అయిదేళ్లుగా. లెక్క మీరే వేసుకోండి.

ఎండ దాన్ని ఇంకా ముందే ముసలిదాన్ని చేస్తుంది. లిథియం బ్యాటరీకి వేడి పడదు, నూరు శాతం నిండి ఉండటమూ పడదు. రెండూ కలిస్తే చెప్పనక్కర్లేదు. రెంటచింతల ఎండల గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటుంది కదా, సత్తెనపల్లి దానికి ఎంతో దూరం లేదు. మనవాడు రాత్రిళ్లు ఫోను దిండు కింద పెట్టి ఛార్జింగ్ పెడతాడు. రాత్రంతా పెడితే పేలిపోతుందన్న భయం అక్కర్లేదు, నిండగానే ఫోను తనే ఆపుకుంటుంది. కానీ తెల్లారేదాకా నిండు కడుపుతో దిండు కింద ఉడుకుతుంది. చాలా ఫోన్ల సెట్టింగుల్లో ఇప్పుడు 80 శాతం దగ్గర ఆపేసే ఏర్పాటు ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. అది ఆన్ చేయండి, ఫోనుని దిండు కిందనుంచి గట్టు మీదకి మార్చండి.

ఉబ్బిన బ్యాటరీకి మాత్రం చిట్కాలు లేవు. లోపల గ్యాసు చేరింది. నొక్కి మూత మూయకూడదు, సూదితో గుచ్చకూడదు, ఇక ఛార్జింగ్ పెట్టకూడదు. మేం ఫోను ఆపేసి ఆ సాయంత్రమే బజారుకి పట్టుకెళ్లాం. షాపాయన వెనక మూతని వేడి ప్లేటు మీద కాసేపు ఉంచి, జిగురు మెత్తబడ్డాక పల్చటి ప్లాస్టిక్ ముక్కతో అంచు చుట్టూ విప్పాడు. బయటికొచ్చిన బ్యాటరీ మెత్తటి చిన్న దిండులా ఉంది. కొత్తదాన్ని పెట్టబోతుంటే ఆపి, దాని మీది తయారీ తేదీ చూశాను. మూడేళ్ల కిందటిది. బ్యాటరీ వాడకపోయినా డబ్బాలోనే వయసు మీద పడుతుంది. "ఒరిజినల్ సార్" అన్నాడాయన. ఒరిజినలో కాదో అటుంచి, ముందు కొత్తది కావాలి కదా. ఇంకోటి తీయించాను. చేతికూలితో కలిపి తొమ్మిది వందలు.

పవర్ బ్యాంకు కొంటే సరిపోదా అని మా అక్క అడిగింది. సరిపోదు. గార పట్టిన పైపుకి పక్కన ఇంకో ట్యాంకు కట్టినట్టుంటుంది. బ్యాటరీ బాగుండి, రోజంతా బయట తిరిగేవాళ్లకి పనికొస్తుంది. అయితే దాని మీది అంకె చదవడం రావాలి. 10,000 ఎంఏహెచ్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. మన ఫోను 5,000 కదా, రెండుసార్లు నిండుతుందనుకుంటాం. నిండదు. ఆ పదివేలు లోపలి సెల్లు వోల్టేజ్ 3.7 దగ్గర కట్టిన లెక్క. గుణిస్తే 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకి పెంచి వైరులోంచి పంపి, ఫోనులో మళ్లీ దించే దారిలో కొంత వేడిగా పోతుంది. చెరువు నీళ్లు కాలువలో ఇంకుతూ పొలం చేరినట్టు. మూడింట రెండొంతులు చేరితే గొప్ప. మన ఫోను బ్యాటరీకి కావాల్సింది దాదాపు 19 వాట్ అవర్లు. అంటే ఒకసారి నిండి, ఇంకాస్త మిగులుతుంది. ఈ నిజం పెట్టె మీదే ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో, రేటెడ్ కెపాసిటీ అన్న మాట పక్కన. కొనేటప్పుడు చూడాల్సింది ఆ చిన్న అంకె. దాంతోపాటు బీఐఎస్ గుర్తు, కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు. ఆ నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు.

ఇక చోటు. ఇక్కడ నాదే ఒక అవమానం చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట రోడ్డు పక్క బండి మీద 128 జీబీ మెమరీ కార్డు మూడొందలకి బేరమాడి కొన్నాను. గెలిచాననుకున్నాను. మా బాబాయి కూతురి పెళ్లి వీడియోలు అందులోకి ఎక్కించాను. ఎక్కించేటప్పుడు ఏ గొడవా లేదు. తీరా చూస్తే మంగళస్నానాల దాకానే వస్తోంది. తాళి కట్టే ఫైలు పేరు ఉంది, తెరుచుకోదు.

అలాంటి కార్డులో జరిగే మోసం ఇది. లోపల ఉన్నది ఏ ఎనిమిది జీబీలో. కానీ కార్డులోని చిప్పుని, ఎవరడిగినా 128 అని చెప్పమని మార్చేస్తారు. దస్తావేజులో రెండెకరాలు, దిగి కొలిస్తే ఇరవై సెంట్లు. ఎనిమిది జీబీ దాటాక రాసింది గాల్లో కలిసిపోతుంది, లేదా ముందు రాసినదాని మీదే పడుతుంది. ఫోను అమాయకంగా పేర్ల జాబితా చూపిస్తూనే ఉంటుంది. కాబట్టి కొత్త కార్డు కొన్న రోజే, బిల్లు చేతిలో ఉండగానే, కొలిచి చూడాలి. కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం కార్డు నిండా రాసి, తిరిగి చదివి, తేడా ఉంటే చెప్పేస్తుంది. లైనక్స్ వాడేవాళ్లకి ఎఫ్3 ఉంది. పెద్ద కార్డయితే గంటలు పడుతుంది, పట్టనివ్వండి. ఒక మాట: 64 జీబీ కార్డు విండోస్ కంప్యూటర్‌లో 59 చిల్లర చూపిస్తే గొడవకి దిగకండి. కార్డు కంపెనీ వెయ్యి లెక్కన, కంప్యూటర్ 1024 లెక్కన కొలవడం వల్ల వచ్చే తేడా అది.

కార్డు మీది అక్షరాల్లో మనకి పనికొచ్చేవి రెండు. 10 అంకె చుట్టూ ఇంగ్లీషు సీ అక్షరంలాంటి గీత ఉంటే సెకనుకి కనీసం 10 ఎంబీ రాయగలదని. పాటలకీ ప్రవచనాలకీ క్లాసుల వీడియోలకీ అది చాలు. యాప్‌లు కూడా కార్డులో పెట్టుకోవాలంటే ఏ1 అన్న గుర్తు చూడాలి. చిన్న చిన్న ముక్కలు సెకనుకి 1,500 చదవగలదు, 500 రాయగలదు అని దాని అర్థం. ఆండ్రాయిడ్‌లో 2015 నాటి ఆరో వెర్షన్ నుంచి, కార్డుని ఫోను సొంత స్టోరేజ్‌లో కలిపేసుకునే సదుపాయం ఉంది. కొన్ని కంపెనీలు దాన్ని మూసేశాయి. నేనైతే వద్దంటాను. అలా కలిపిన కార్డు ఆ ఫోనుకే తాళం వేసుకుంటుంది. ఫోను పోతే కార్డులోనివి ఇంకెక్కడా తెరుచుకోవు.

అసలు కార్డు కంటే ముందు ఫోను ఎందుకు నిండిందో చూడాలి. మనవాడి 64 జీబీలో పంతొమ్మిది వాట్సాప్‌వి. శుభోదయం బొమ్మలు, కోచింగ్ గ్రూపులో ఒకే పీడీఎఫ్ నలుగురు పంపితే నాలుగు కాపీలు. ఫోను నిండితే నెమ్మదించడానికీ కారణం ఉంది. మన పలక మీద ఒక్క అక్షరం వేలితో చెరిపి మార్చొచ్చు. ఫోను మెమరీలో అది కుదరదు. ఒక్క అక్షరం మార్చాలన్నా, మిగతావన్నీ ఇంకో పలక మీదకి ఎక్కించి, ఈ పలక మొత్తం తుడవాలి. ఖాళీ పలకలుంటే ఆ పని చకచకా అవుతుంది. లేకపోతే ప్రతి చిన్న పనికీ వెతుకులాటే. అందుకే ఓ పదో వంతు చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. వాట్సాప్ సెట్టింగుల్లో వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపాం, చెత్త తీసేశాం, ఆరొందలతో బిల్లున్న కార్డు వేశాం. అతని ఫోనులో రెండో సిమ్ముకీ కార్డుకీ ఒకటే గూడు. రెండో సిమ్ము వదులుకున్నాడు.

గూడు ఉండటమే అదృష్టం. 2011 అక్టోబరులో ఢిల్లీలో విడుదలైన ఆకాశ్ టాబ్లెట్ మీకు గుర్తుండే ఉంటుంది, హైదరాబాద్‌లోనే బిగించేవారు వాటిని. లోపల రెండే జీబీ, 2,100 ఎంఏహెచ్ బ్యాటరీ. ఆ పేద పలకలో కూడా 32 జీబీ దాకా కార్డు పెట్టుకునే చోటుంది. ఇప్పుడు లక్ష రూపాయల ఫోన్లలో ఉండటం లేదు. ధర పెరిగేకొద్దీ గూళ్లు మాయమవుతున్నాయి. ఎక్కువ జీబీల మోడలో, నెలనెలా అద్దె కట్టే క్లౌడో అమ్ముకోవాలంటే మరి అంతే కదా.

గూడు లేనివాళ్లకి, ఫోనుకి పెన్ డ్రైవు తగిలించుకునే ఓటీజీ వైరు ఉంది. పాత మైక్రో యూఎస్‌బీ పిన్ను లోపలికి చూస్తే అయిదు సన్నటి రేకులు కనిపిస్తాయి. మామూలు ఛార్జింగ్ వైరులో నాలుగోది ఊరికే ఉంటుంది. ఓటీజీ వైరులో దాన్ని అయిదోదానితో, అంటే ఎర్తుతో కలిపేస్తారు. అది చూసి ఫోను, ఓహో ఇవాళ నేనే యజమానిని అనుకుని పెన్ డ్రైవుకి కరెంటిస్తుంది. ఆ వైరు ఖరీదులో చెప్పుకోదగ్గ పనితనం ఆ కలపడం ఒక్కటే. టైప్-సి ఫోన్లకి రెండు మూతుల పెన్ డ్రైవులు నేరుగా దొరుకుతాయి. పెన్ డ్రైవు ఫోనుకి కనపడకపోతే పారేయకండి, ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. లోపలివి దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చి చూడండి. మరీ పాత ఫోనైతే ఫ్యాట్32. పని అయ్యాక పీకేయడం మర్చిపోవద్దు, అది ఫోను బ్యాటరీనే తాగుతుంటుంది.

నెట్ సంగతి తొందరగా తేలింది. రౌటరు వీధి గదిలో ఉంది, వాడు కూర్చునేది రెండు గోడల అవతల. రౌటరు రెండు పేర్లతో వైఫై ఇస్తోంది. వేగం ఎక్కువని 5 గిగాహెర్ట్జ్ పేరుకి తగులుకున్నాడు. అది గోడలు అంత బాగా దాటలేదు. 2.4కి మార్చగానే వెనక గదిలో వీడియో ఆగకుండా ఆడింది. కరెంటు పోయినప్పుడు నెట్ పోతోందన్నాడు, దానికి రౌటరు కోసమే అమ్మే 12 వోల్టుల చిన్న బ్యాకప్ పదకొండు వందలైంది. టవరు సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఫోను గొంతు చించుకుని అరుస్తుంది, బ్యాటరీ అక్కడ కరిగిపోతుంది. ఇంట్లో చదువుకునే గంటల్లో ఏరోప్లేన్ మోడ్ పెట్టి వైఫై ఒక్కటే ఉంచితే ఆ అరుపు ఉండదు. వైఫై కాలింగ్ ఉన్న ఫోనైతే, దాన్ని ఆన్ చేసుకుంటే ఫోన్లూ వస్తాయి. పక్కవాడి ఫోను నుంచి నెట్ తీసుకునేటప్పుడు పీడీఎఫ్‌లు చదవడానికైతే బ్లూటూత్ ద్వారా తీసుకోవడం మేలు. నెమ్మదే గానీ ఇచ్చేవాడి బ్యాటరీ బతుకుతుంది.

ఖర్చు మొత్తం రెండువేల ఆరువందలు. దీంతో అన్నీ బాగయ్యాయని అనను. ప్రాసెసరుని, ర్యామ్‌ని ఏ బజారులోనూ పెంచలేరు. సెట్టింగుల్లో కనిపించే వర్చువల్ ర్యామ్ స్టోరేజ్‌లో కొంత ముక్కని అరువు తెచ్చుకోవడమే, అసలు ర్యామ్ వేగం దానికి రాదు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఆ ఫోనుకి కంపెనీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసి ఏడాది దాటింది. కొత్తగా బయటపడే కన్నాలు ఇక పూడవు. చదువుకోవడానికి పర్లేదు, డబ్బుకి కాదు. అందుకని బ్యాంకు యాప్, పేమెంట్ యాప్ రెండూ దాంట్లోంచి తీయించి మా అక్క ఫోనులో పెట్టించాను.

వాడు మొహం ముడుచుకున్నాడు. సాయంత్రం సెంటర్లో టీ తాగాక, జేబులు తడుముకుని నా వైపు చూసి, "మరి ఇప్పుడు డబ్బులెవరిస్తారు మావయ్యా?" అన్నాడు. నేనే ఇచ్చాను.