కంప్యూటరుకు, రేడియోకు నడుమ దుబాసి

షార్టువేవ్ రేడియోలో మీట త్రిప్పి స్టేషనును పట్టుట మన మెరిగినదే. ఆ పనిని కంప్యూటరు చేతనే చేయించవచ్చును. జపానుకు చెందిన ఐకామ్ సంస్థ గ్రాహకములు కొన్నిటి వెనుక ఇందుకై సి.ఐ.-వి. అను రంధ్రము గలదు. అయితే కంప్యూటరు తీగను తిన్నగా అందులో గుచ్చరాదు. గుచ్చినచో గ్రాహకము చెడిపోవచ్చును. ఎందువలన?

రెండును 1, 0 అను అంకెలతోనే మాటలాడును. కాని కంప్యూటరు ఆర్.ఎస్.-232 ద్వారమున 1 అనగా 3 నుండి 15 వోల్టుల ఋణ వోల్టేజి. 0 అనగా అంతే ధన వోల్టేజి. గ్రాహకమునకో, 1 అనగా సుమారు 5 వోల్టులు, 0 అనగా సున్న. కనుక వోల్టేజి తగ్గవలెను, గుర్తు తలక్రిందులు కావలెను. మాక్స్232 అను చిన్న చిప్పు ఈ రెండు పనులను చేయును. 5 వోల్టులతో నడుచుచు, కెపాసిటర్ల సాయమున సుమారు 10 వోల్టుల ధన, ఋణ వోల్టేజులను అదియే కల్పించుకొనును.

గ్రాహకమునకు మాట పోవుటకు, వచ్చుటకు ఒకే తీగ. కావున చిప్పునుండి పంపు కొనను డయోడు ద్వారా, కాథోడు చిప్పువైపు ఉండునట్లు, దానికి కలుపుదురు. అప్పుడు రెండింటిలో ఏదైనను తీగను సున్నకు దింపగలదు. చిప్పు మాత్రము దానిని 5 వోల్టులవద్ద బిగబట్టదు. కంప్యూటరు తాను పంపిన మాటను తానే వినును. మాటలు ఢీకొన్నచో తెలిసిపోవును.

ఇక ఆజ్ఞ. 9,865 కిలోహెర్ట్జులను హెర్ట్జులలో పది అంకెలుగా వ్రాసిన 0009865000. దీనిని కుడినుండి జంటలుగా పంపవలెను: 00, 50, 86, 09, 00. విద్యార్థులు 7,320 కిలోహెర్ట్జులకు ఇట్లే వ్రాసి చూడుడు.