ఆట పడవలో... బస ఎక్కడ?

మా పిన్ని కూతుళ్లిద్దరివీ నలభై కిలోమీటర్ల దూరంలో కాపురాలు. పెద్దది నంద్యాలలో, చిన్నది ఆళ్లగడ్డలో. మొన్న సంక్రాంతి అయ్యాక రెండు కుటుంబాలూ కలిసి గోవా పోదామనుకున్నారు. నంద్యాల వాళ్లకి గోవా అందని ఊరేం కాదు. వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల మీదుగానే పోతుంది. చిక్కంతా హోటల్ దగ్గర వచ్చింది.

మా మరిది రెండు హోటళ్ల వివరాలు తెచ్చాడు. ఒకటి పణజి దగ్గర ఐదు నక్షత్రాల హోటలు. మెట్లు దిగితే క్యాసినో! గదితో పాటు టిఫిను, రాత్రి భోజనం, పైగా ఆడుకోవడానికి బిళ్లలు ఉచితం. రెండోది దక్షిణ గోవాలో కొల్వా వైపు, సముద్రం ఒడ్డున రిసార్టు. ఈత కొలను, కొబ్బరిచెట్లు, ఇసుక... అంతే. అద్దె మాత్రం రోజుకి రెండు వేలు ఎక్కువ. "తక్కువలో వస్తుంటే ఎక్కువ పెట్టి ఇసుక చూడ్డానికి పోతామా?" అని ఆయన వాదన.

చిన్నది నాకు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వే తేల్చి చెప్పు. ఈయనకి చేతిలో పేక ఉంటే టైము తెలీదు. దీపావళికి మూడుముక్కలాటకి కూర్చుని తెల్లారి లేచింది మర్చిపోయినావా? చీటీ పాడిన డబ్బు రెండు లక్షలుంది. పాప ఇంటర్ ఫీజుకని దాచినా" అంది. గొంతులో భయం తెలుస్తూనే ఉంది.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం పేకాట పందేలని ఒప్పుకోదు. 2020లో ఆన్‌లైన్ పందేలని కూడా అందులో చేర్చారు. గోవా దారి వేరు. అక్కడ 1992లో ఐదు నక్షత్రాల హోటళ్లలో మిషన్ల మీద ఆడే ఆటలకి, 1996లో నీళ్ల మీది ఓడల్లో బల్లల దగ్గర ఆడే ఆటలకి అనుమతిచ్చారు. అందుకే మాండవి నదిలో రాత్రయితే ఆ దీపాల ఓడలు. ఒడ్డు నుంచి చిన్న పడవలో తీసుకెళతారు. కాబట్టి హోటల్లోనే క్యాసినో ఉందని మురిసిపోయే ముందు, అక్కడున్నవి మిషన్లా, మనుషులు ముక్కలు పంచే బల్లలా అని అడగండి. ఇరవై ఒక్క ఏళ్లు నిండని పిల్లలకి ఆట గదుల్లో ప్రవేశం లేదు. తమాషా ఏమిటంటే, 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాళ్లకే క్యాసినోలోకి ప్రవేశం లేదు! ఊరివాళ్లని రానివ్వని విందుకి మనల్ని ఇంత ఆప్యాయంగా ఎందుకు పిలుస్తున్నారో ఆలోచించండి.

ఇక ఆ ఉచిత బిళ్లలు. వీటిలో రెండు రకాలుంటాయి. కౌంటరులో ఇచ్చి డబ్బు తీసుకునేవి కొన్ని. ఒకసారి పందెం కాయడానికి తప్ప ఎందుకూ కొరగానివి కొన్ని. ప్యాకేజీలో ఇచ్చేవి చాలావరకు రెండో రకమే. గెలిస్తే డబ్బు, ఓడితే బిళ్ల పోయినట్టే. ఆ ఊపులో చెయ్యి సొంత జేబులోకి పోతుంది. సొంత డబ్బుతో బిళ్లలు కొంటే జీఎస్టీ కూడా మోత. 2023 అక్టోబరు నుంచి 28 శాతం ఉన్నది 2025 సెప్టెంబరులో 40 శాతమైంది. గెలిచిన సొమ్ము మీద 30 శాతం ఆదాయపన్ను, సెస్సు అదనం. పోగొట్టుకున్నదాన్ని అందులోంచి తీసేసుకుందామంటే కుదరదు.

"అదృష్టం బాగుంటే రావచ్చు కదా వదినా" అన్నాడు మరిది. నిజమే, రావచ్చు. అయితే రౌలెట్ చక్రం లెక్క ఒకటి చెప్పాను. ఒకే సున్నా ఉన్న చక్రంలో 37 గళ్లుంటాయి. అన్ని గళ్ల మీదా తలా వంద పెట్టారనుకోండి, 3,700 రూపాయలు. ఏదో ఒక గడి ఎలాగూ పడుతుంది. మీ చేతికొచ్చేది పందెం వందతో కలిపి 3,600. ఓడిపోయే వీల్లేకుండా ఆడినా వంద పోయింది! రెండు సున్నాల చక్రమైతే 38 గళ్లు, పోయేది రెండొందలు. ఒక రాత్రి ఒకరు గెలవచ్చు గానీ, చక్రం తిరిగేకొద్దీ ఆ వంద ఇంటివాడిదే. పైగా ఆట గదిలో మామూలుగా గడియారం ఉండదు, కిటికీ ఉండదు.

చిన్నదానికి నేను చెప్పిందొకటే. గది అద్దె పక్కన, గదికీ ఆట బల్లకీ మధ్య దూరం కూడా రాసుకో. కొల్వా నుంచి పణజికి దాదాపు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకి ఉన్నంత దూరం. "రాత్రి ఒంటిగంటకి ఇంకో చెయ్యి వేద్దామని ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకి ఎవరన్నా పోతారా?" అంటే నవ్వింది. అదే మెట్ల కింద ఉంటే, నిద్ర పట్టలేదని చెప్పులేసుకుని దిగిపోవచ్చు. రోజుకి రెండు వేల తేడా, మూడు రాత్రులకి ఆరు వేలు. రెండు లక్షల పక్కన పెట్టి చూసుకోమన్నాను.

ఇంతకీ కొల్వాకే వెళ్లారు. ఆయన మనసు నొప్పించడం ఎందుకని ఒక రాత్రి ఓడ కూడా ఎక్కారు. మనిషికి ఐదు వేలు, ఏటీఎం కార్డులన్నీ గదిలో లాకరులో. ఆ తాళం పెద్దదాని బొడ్లో. పిల్లలు రిసార్టులో బావ దగ్గర. రాత్రి పదకొండుకల్లా తిరిగి రావాలని టాక్సీ ముందే మాట్లాడుకున్నారు. సరిగ్గా ఆ టైముకి మరిదికి ఆట కలిసొస్తోందట! టాక్సీ అబ్బాయి ఫోన్ మీద ఫోన్. ఆయన లేవలేక లేచాడు. చేతిలో పద్దెనిమిది వందల లాభం.

"ఇంకొక్క గంట ఉండనిచ్చుంటే..." అని ఇప్పటికీ అంటూనే ఉన్నాడు. ఆ డబ్బుతో చిన్నది మడగాం బజారులో జీడిపప్పు కొంది. నాకూ అరకిలో పంపింది.